బొంబాయి చట్నీ

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన, పొద్దున్నే తన టిఫిన్ బండి దగ్గర ఆమె పూరీలు వేస్తోంది. బొంబాయి నుంచి వచ్చిన లారీ డ్రైవరు పళ్లెం అందుకున్నాడు.

“గిదేందక్కా, పచ్చగున్నది?”

“శనగపిండి తోని చేసిన బొంబాయి చట్నీ. బొంబాయోనివి, నన్నడుగుతవా?”

“మా తాతది పాలమూరు గని, నేను పుట్టింది, పెరిగింది బొంబాయిలనే. గిది ఎన్నడు సూడలే.”

“హోటళ్లల్ల పెట్టరా?”

“ఒక్కదాంట్ల గూడ పెట్టరు.”

“జర యాది చేసుకో, తమ్మీ.”

“నలభై ఏండ్ల సంది ఆడనే తింటున్న. ఎందుకక్కా?”

మూకుట్లో పూరీ మాడుతున్నా ఆమె తీయలేదు.

“మా ఆయన పనికని బొంబాయి పోయి పన్నెండేండ్లాయె. మళ్ల రాలే, ఫోన్ లేదు. నా చేతి చట్నీ అంటే ఆయనకు పానం. ఆడ తిన్నప్పుడల్ల నేను యాదికొస్తననుకున్న.”

డ్రైవరు తల వంచుకుని తిన్నాడు.

“మంచిగున్నదక్కా. ఇంకింత ఎయ్యి.”

ఆమె గరిటె నిండా తీసి వేసింది.

“అయితే తమ్మీ, గిది తినాలంటే ఆయన ఈడికే రావాలె గదా?”

“రావాలె. తొవ్వ యాదుంటదా?”

“ఎందుకుండది? పోయింది గీ రోడ్డు మీదికెళ్లే.”