ఇరవై రెండు, ఇరవైన్నర

ఏమ్మా, తలుపు మీద అంత కోపమెందుకు, అదేం చేసింది పాపం. ఓడిపోయారా? ఇవాళ ఆటే లేదా? మరెందుకా మొహం. ఓహో, మన క్లబ్బువాళ్ళు ఎవర్నో కొన్నారా. ఊఁ. ఇద్దరు మంచివాళ్ళని వదులుకుని, పైన అంత డబ్బూ పోసి, మోకాలు పోయినవాణ్ణి తెచ్చుకున్నారా. ఆఁ ఆఁ, అర్థమైంది, నెమ్మదిగా చెప్పు, మీ నానమ్మ ముందుగదిలో పడుకుంది. ఇందాక వాణ్ణేదో అన్నావు, ఇంకోసారి అను. కుంటిగుర్రమా. అనుకో తల్లీ, నాకేం. నువ్వు పుట్టకముందే పోయిన మీ తాతయ్యని ఈ ఊళ్ళో ఇంతకన్నా పెద్ద మాటలన్నారు. నేను మాత్రం ఒక్కటీ అనలేదు. మంచివాణ్ణని కాదు, ఆ విషయంలో నాకు నోరు లేదు. ఎందుకు లేదో చెబుతాను, కూర్చో. అలా కుర్చీ అంచు మీద కాదు, వెనక్కి ఆనుకుని కూర్చో, నా మాటలు పొడుగని నాకు తెలుసు. బట్టలు కుట్టేవాడికి అన్నీ కాస్త పొడుగ్గా కత్తిరించి తర్వాత మడిచే అలవాటు. మాటల్ని మడవటం మాత్రం నాకెవరూ నేర్పలేదు.

మీ తాతయ్య ఫుట్‌బాల్ ఆడేవాడని నీకు తెలుసు, గోడ మీద ఫోటో ఉందిగా. గ్రౌండులో గడ్డి కోయించి, సున్నంతో గీతలు గీసేవాడనీ తెలుసు. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో మీ నాన్నక్కూడా సరిగ్గా తెలీదు. అప్పట్లో మన క్లబ్బులో పాదరసం అని ఒక కుర్రాడుండేవాడు. పట్టుకుందామంటే దొరికేవాడు కాదు, అందుకని ఆ పేరు. మన వీధిలో పుట్టినవాడు, వాడి మొదటి నిక్కరు నేనే కుట్టాను, వెనక అతుకు కూడా నేనే వేశాను. ఇక క్లబ్బు అధ్యక్షుడు కలప డిపో ఆయన. మనిషి మంచివాడే, కాకపోతే చూసి కొనడం కన్నా కొన్నాక చూసుకోవడం ఆయనకి సరదా. తూర్పు గ్యాలరీకి పైకప్పు వేయిస్తానని రెండేళ్ళు మా అందరి దగ్గరా చందాలు వసూలు చేశాడు. మేమేమో వానలో తడుస్తూ, వచ్చే ఏడు తడవంలే అనుకుంటూ ఇచ్చాం. ఒకరోజు పొద్దున పేపర్లో చూస్తే, పాదరసాన్ని పై ఊరి క్లబ్బుకి ఇచ్చేశారట, పైకప్పు డబ్బు కూడా వాళ్ళకే ఇచ్చేశారట, బదులుగా అక్కడున్న పెద్ద పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకుంటున్నారట. ఆ పెద్ద పేరే మీ తాతయ్య. ఆ పేపరు చదివి రొట్టెల బట్టీ ఆయన ఒక గంపెడు రొట్టెలు మాడ్చేశాడు. ఆ మాడిన రొట్టెలే ఆ రోజు ఊరంతా తిన్నాం, కిక్కురుమనకుండా.

సరే, సంతకాల ముందు రోజు సాయంత్రం అధ్యక్షుడు మీ తాతయ్యని వెంటబెట్టుకుని మా కొట్టుకొచ్చాడు. ఫోటోలు తీస్తారు, రేపటికల్లా కోటూ ప్యాంటూ కావాలన్నాడు. మా కొట్టెంతనుకున్నావు, రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, నిలువుటద్దం, కొలతలప్పుడు ఎక్కి నిలబడటానికి ఒక స్టూలు. మనుషులు నలుగురైతే ఐదోవాడు గుమ్మంలో నిలబడాలి. నేను టేపు పెట్టి కొలత పైకి చెబితే, కింద కూర్చుని మీ నానమ్మ పుస్తకంలో రాసేది. అప్పటికి నా చెల్లెలికి ఇరవై రెండేళ్ళో, ఇరవై మూడో. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. మామూలు దర్జీలు ఒక కాలే కొలుస్తారు. నాకు పని నేర్పిన మేస్త్రి మాత్రం రెండూ కొలవమనేవాడు. ఈ ఊళ్ళో సగం మంది రోజంతా మిల్లులో ఒంటికాలితో యంత్రం తొక్కేవాళ్ళు, ఒక తొడ లావుగా ఒకటి సన్నగా ఉండేది. ఏ కాలు సన్నమైతే అటు లోపల ఒక కుట్టు ఎక్కువేసి, బయటికి రెండూ ఒకేలా కనిపించేట్టు చెయ్యాలి. దాని సంగతి ఎవరికీ చెప్పకూడదు, ఆ మనిషితో కూడా అనకూడదు. మా పనిలో అదొక మర్యాద.

మీ తాతయ్య స్టూలెక్కాడు. కుడితొడకి టేపు చుట్టాను, ఇరవై రెండు అన్నాను. ఎడమతొడకి చుట్టాను. ఇరవైన్నర. అరంగుళమో ముప్పావో తేడా అందరికీ ఉంటుంది, కానీ అంగుళంన్నర అంటే ఆ కాలి మీద ఆ మనిషి నెలల తరబడి బరువు మోపలేదన్నమాట. తలెత్తి చూశాను. ఆయన నన్ను చూడటం లేదు, అద్దంలో నా చేతుల్ని చూస్తున్నాడు. బతిమాలడం లేదు, ఏమీ లేదు, ఊరికే చూస్తున్నాడు, డాక్టరు నోటికేసి చూసినట్టు. అధ్యక్షుడేమో కుర్చీలో వెనక్కి వాలి, 'ఊఁ, ఎడమది ఎంతయ్యా?' అన్నాడు. అప్పుడు నేను ఇరవై రెండు అన్నాను. ఎందుకన్నానని అడక్కు. మొహమాటం అనుకో. నాకు జీవితంలో జరిగిన నష్టాలన్నీ మొహమాటం వల్లే, లాభాలూ దానివల్లే, అందుకే దాన్ని తిట్టలేను, పొగడలేను. అధ్యక్షుడు లేచి, దుంగని చరిచి చూసినట్టు మీ తాతయ్య భుజం మీద చరిచాడు. 'ఇంక డాక్టరెందుకయ్యా, చేవ ఉన్న కర్ర' అన్నాడు. పోయారు.

వాళ్ళు పోయాక కత్తిరిద్దామని పుస్తకం తెరిచాను. కుడి ఇరవై రెండు. ఎడమ ఇరవైన్నర. మీ నానమ్మ అలా రాసింది. నా నోట్లోంచి వచ్చింది కాదు, టేపు మీద కనపడింది రాసింది. తలతిప్పి చూస్తే తలొంచుకుని గుండీలు కుడుతోంది. తను రాసిన దానికే కత్తిరించాను. మర్నాటి ఫోటోలో చూడు, ప్యాంటు ఎంత బాగా పడిందో. గోడ మీదున్నది ఆ ఫోటోనే. నా పనితనం, నా బుద్ధి తక్కువతనం, రెండూ ఒకే ఫ్రేములో.

మూడు ఆటలాడాడు. మొదటి రెంట్లో పంటి బిగువున నిలబడ్డాడు, ఎవరికీ తెలీలేదు. మూడోదాంట్లో పదో నిమిషంలో, దగ్గర్లో పిట్ట కూడా లేదు, అలా తిరగబోయి కూలబడ్డాడు. అక్కణ్ణుంచి వాళ్ళమీద వీళ్ళమీద చెయ్యేసి నడిచెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు, ఇక ఆ బెంచీ ఆయనదే. బెంచీదొర అని పేరు పెట్టారు. వానాకాలం వచ్చింది, తూర్పు గ్యాలరీలో మేమంతా తడిసి ముద్దయి కూర్చున్నాం. బట్టీ ఆయన లేచి, 'మన పైకప్పు పీకి వీడి మోకాలికి వేశారర్రా, అది కూడా కారుతోంది' అని అరిచాడు. గ్యాలరీ అంతా నవ్వింది. బెంచీ మీద ఆయన వినపడనట్టు కూర్చున్నాడు. నేను నవ్వలేదు, గొడుగు ఇంకాస్త కిందకి దించుకున్నాను. అటు పాదరసం వారానికో గోలు కొడుతున్నాడు. సోమవారం పేపరొస్తే జనం ముందు వాడి గోలు చదివి, తర్వాత మన ఓటమి చదివి, ఆ తర్వాత మీ తాతయ్యని తిట్టి అప్పుడు పనికెళ్ళేవారు. అదొక క్రమం.

ఈలోగా ఆయనేమో ప్రతి ఆదివారం పొద్దున మా కొట్టుకి రావడం, గుండీ ఊడిందనడం. ఒక మనిషికి వారం వారం అన్ని గుండీలు ఎందుకు ఊడతాయని నాకు తట్టనే లేదు. కొలతలు తప్ప లోకజ్ఞానం లేనివాణ్ణి. దారం నాసిరకమేమోనని దారం మార్చాను కూడా. ఏంటి నవ్వుతావు, నిజంగా మార్చాను.

ఒక ఆదివారం అలాగే వచ్చి మూల కూర్చునుంటే, బిలబిలమంటూ ఇరవై మంది వచ్చిపడ్డారు. ముందు బట్టీ ఆయన. ముందు రోజు క్లబ్బు మీటింగులో జనం అధ్యక్షుణ్ణి నిలదీశారట, కాలు బాగాలేనివాణ్ణి ఎలా కొన్నావని. ఆయన తొణక్కుండా, 'అన్నీ చూసే కొన్నాను, దర్జీ కొలిచినప్పుడు దగ్గరే ఉన్నాను, రెండు కాళ్ళూ సమానం, కావాలంటే వాడి పుస్తకం చూసుకోండి' అన్నాట్ట. 'తియ్యవయ్యా పుస్తకం' అన్నాడు బట్టీ ఆయన. నా నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి మాట్లాడలేదు. అవి లేకపోయినా మాట్లాడేవాణ్ణి కాదనుకో. పుస్తకం చూస్తే నా అబద్ధం బయటపడుతుంది, బయటపడితే పాదరసం పోయిందీ పైకప్పు పోయిందీ నా వల్లేనని ఈ ఊరు నన్ను బతకనివ్వదు, కొట్టు మూసుకోవాల్సిందే. మీ నానమ్మ లేచింది. నిదానంగా పుస్తకం తీసింది, పేజీ తిప్పింది, కళ్ళు పైకెత్తకుండా చదివింది. 'కుడి ఇరవై రెండు. ఎడమ ఇరవై రెండు.'

అమ్మయ్య అనుకున్నాను. ఎంత తెలివితక్కువ వెధవనో చూడు. బట్టీ ఆయన గిరుక్కున మూలకి తిరిగి, 'అయితే కాలికేం లేదన్నమాట. జీతం తీసుకుంటూ కావాలని కూర్చుంటున్నావన్నమాట' అన్నాడు. అంతే, గది అంతా ఒక్కసారి మీదపడ్డట్టయింది. దొంగ అన్నారు, పై ఊరివాళ్ళ మనిషి అన్నారు, ఇవాళే మూట కట్టమన్నారు. అప్పటిదాకా ఆయన కుంటివాడు, మేము అన్నాచెల్లెళ్ళం కలిసి ఒక్క నిమిషంలో దొంగని చేశాం. మీ నానమ్మ మొహం సుద్దముక్కలా పాలిపోయింది. నేను నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి చొక్కాకి గుచ్చుకుంటున్నాను, ఏం చెప్పాలో తెలిసేదాకా తియ్యొచ్చని. మీ తాతయ్య లేచాడు. కుంటుకుంటూ వచ్చి స్టూలెక్కి, ప్యాంటు తొడ పైదాకా లాగాడు. 'కొలవండి మాస్టారూ. వీధిలోకి వినపడేలా చెప్పండి' అన్నాడు. కొలిచాను. కుడి ఇరవై రెండు. ఎడమ ఇరవై. పడ్డాక ఇంకో అరంగుళం పోయింది. మోకాలు చూశారు అందరూ, ఉబ్బి, పక్కకి జరిగినట్టుంది. 'మరప్పుడు సమానమన్నావేమయ్యా?' అన్నాడు బట్టీ ఆయన నాతో. నేను నోరు తెరిచాను, నిజమే చెప్పబోయాను, నా మీద ఒట్టు. అంతలో మీ తాతయ్యే, 'అప్పుడు లోపల గుడ్డ చుట్టుకొచ్చాను, ఆయనకి తెలీదు. మోసం నాది' అన్నాడు.

గుడ్డా లేదు ఏమీ లేదు. అలా అడ్డుపడ్డాడు. బట్టీ ఆయన, 'ఎందుకలా చేశావు?' అన్నాడు. కోపం కొంచెం తగ్గిన గొంతు. 'అక్కడ నెలాఖరుకి తీసేసేవాళ్ళండి. నాకు ఇది తప్ప ఇంకో పని రాదు. రెండు మూడు నెలల్లో కాలు నిండుతుందనుకున్నాను' అన్నాడు మీ తాతయ్య. బట్టీ ఆయన దగ్గరికొచ్చి, వంగి, పిండి నొక్కి చూసినట్టు ఆ తొడని బొటనవేలితో నొక్కి చూశాడు. 'ఇంకా పొంగలేదు' అన్నాడు. వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి, 'వచ్చే ఆదివారం మళ్ళీ కొలవండి, వస్తాను' అన్నాడు.

వచ్చాడు. ఒక్కడే కాదు. ఆ తర్వాత ఆదివారం ఇంకా ఎక్కువమంది. నేను కొలవడం, గట్టిగా చెప్పడం, ఎవడో ఒకడు సుద్దముక్కతో మా తలుపు మీద రాయడం. ఇరవైంపావు అయిననాడు ఈలలేశారు. తిట్లు ఆగాయనుకోకు, తిట్టేవాళ్ళే, 'ఒరే బెంచీదొరా, పావు అంగుళానికి ఇంత సేపా' అని, కాని ఇప్పుడు మొహం మీద తిట్టేవాళ్ళు, పక్కన కూర్చుని. బట్టీ ఆయన పిండి బస్తా ఒకటిచ్చాడు, పాదంతో ఎత్తి దించమని. బస్తాలో బరువు వారానికింత పెంచేవాడు. ఇరవై ఒకటింపావు దాకా వచ్చింది. అక్కడాగిపోయింది. ఆరు వారాలు తలుపు మీద అదే అంకె. అప్పటికి అందరూ కలిసి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన చూసి, 'ఇక ఆట కుదరదు. మొదట్లోనే ఆర్నెల్లు కదలకుండా ఉంటే నిలిచేదే, ఆ మూడు ఆటలే ముంచాయి' అన్నాడు. అందరూ అధ్యక్షుణ్ణి తిట్టుకున్నారు. ఆ మూడు ఆటలు ఎవరి నోట్లోంచి వచ్చాయో నాకొక్కడికే తెలుసు. నాకూ, మీ నానమ్మకీ.

తర్వాత సంగతి నీకు తెలుసు. క్లబ్బువాళ్ళు పంపించేస్తామంటే బట్టీ ఆయనే కూర్చుని, 'మా పైకప్పు డబ్బుకి కనీసం గడ్డయినా చూస్తాడు, ఉంచండి' అని ఉంచేలా చేశాడు. గుండీల రహస్యం ఆ ఏడాదే నాకర్థమైంది, అర్థం కాదనుకుని బట్టీ ఆయన చెప్పాడులే. వాళ్ళిద్దరికీ పెళ్ళయింది, మీ నాన్న పుట్టాడు. పాతికేళ్ళు మేమిద్దరం బావా అంటే బావా అనుకున్నాం, ఆ కొలత మాట మాత్రం ఎత్తలేదు. ఆయన ఎత్తకపోతే క్షమించాడనుకునేవాణ్ణి, మళ్ళీ, క్షమించాడు కాబట్టి ఎత్తడం లేదా, క్షమించక ఎత్తడం లేదా అని బుర్ర పాడుచేసుకునేవాణ్ణి.

చివర్లో మంచం పట్టాక గడ్డం నేనే గీసేవాణ్ణి. ఒకరోజు, ఒక చెంప అయింది, రెండో చెంపకి నురగ రాస్తూ అడిగేశాను. ఎదురుగా చూసి అడిగే ధైర్యం లేక, కత్తి తుడుస్తూ అడిగాను. 'బావా, ఆ రోజు నేను ఉన్నది ఉన్నట్టు చెప్పుంటే నీ కాలు దక్కేది' అన్నాను. 'స్టూలు మీద నుంచుంటే పుస్తకం కనపడుతుంది బావా' అన్నాడు. 'నువ్వు ఇరవై రెండన్నావు. ఆవిడ ఇరవైన్నర అని రాసింది. నాకోసం అబద్ధమాడేవాడొకడు, నా సంగతి ఉన్నదున్నట్టు రాసి దాచుకునే మనిషొకతి, ఇద్దరూ ఒకే కొట్లో ఉన్నారు. అంతకుముందు నన్నెవరూ ఈ రెండు రకాలుగా చూడలేదు. కాలుదేముంది' అన్నాడు. అని, 'సబ్బు ఆరిపోతోంది, ఆ చెంప కూడా కానియ్' అన్నాడు.

కానిచ్చాను.

ఊఁ... ఏం లేదు. మీ నానమ్మ లేచినట్టుంది చూడు, దగ్గుతోంది. కళ్ళజోడు దిండు కింద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది, వెళ్ళి తీసివ్వు.