నాలుగో పేజీ బండి

1996 నవంబరు పద్నాలుగు, గురువారం. తెల్లవారుజామున మొదలైన జల్లు పదకొండింటికి ఆగి, పన్నెండింటికి మళ్ళీ పట్టుకుంది. పడమటి గాలి. తారీఖూ వాతావరణమూ చెప్పగలిగినవాడు అబద్ధమాడడని కాలేజీలో మా చరిత్ర మేస్టారు అనేవారు. ఆయన తారీఖులన్నీ తప్పే చెప్పేవారు, అది వేరే సంగతి.

ఇలా మొదలుపెట్టాను. కారు షెడ్డు ముందు నాలుగు కుర్చీలు, మా చేతుల్లో టీ గ్లాసులు. ఎదురుగా వదిన. పక్కన అన్నయ్య బండిని ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మెకానిక్. వకీలు గారి ఒళ్ళో అన్నయ్య పోయేముందు రాసిన కాగితం. అన్నయ్య కూతురు, మా పాప, గుమ్మం మెట్టు మీద. కాగితంలో అన్నీ తేలిపోయాయి గానీ బండి దగ్గర మాత్రం ఒకే ఒక్క వాక్యం: "దీన్ని నడపడం తెలిసినవాళ్ళకి ఇవ్వండి." ఆ బండి మీద నాకు ముప్ఫై ఏళ్ళ ఆశ. కాబట్టి చెప్పక తప్పలేదు.

"అది మామూలు బండి కాదు వకీలు గారూ. ఆర్డరు ఫారం మూడు పేజీలతో అందరూ ఆగిపోతారు. అన్నయ్య నాలుగో పేజీ తిప్పాడు. అక్కడ ఉంటాయి అసలు సరుకులు! హెడ్‌లైట్లకి బుల్లి వైపర్లు. సీట్లకి వేడి. అన్నిటికన్నా కింద, ఎవరూ టిక్కు పెట్టని గడిలో, క్లచ్ లేని గేర్లు. గేర్లు మనమే వెయ్యాలి, కానీ క్లచ్ పెడల్ ఉండదు. గేరు రాడ్డు మీద చెయ్యి పడగానే బండే తెలుసుకుని క్లచ్ పని తను చేసుకుపోతుంది. అన్నయ్య ఎడం మోకాలు సరిగా వంగదు కదా, అందుకు. దానికి తోడు టర్బో. బయటికి పోయే పొగతోనే చిన్న చక్రం తిప్పి, ఇంజన్‌లోకి ఇంకాస్త గాలి ఊదుతుంది."

"అది నిజమే," అన్నాడు మెకానిక్. ఆ మనిషి నోట ఆ మాట రావడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఆ రోజు వదినకి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి ఇరవై రెండు కిలోమీటర్లు. అన్నయ్య చేతులు వణుకుతున్నాయి. 'తమ్ముడూ, నువ్వు పట్టు' అన్నాడు. పట్టాను. ఇరవై నిమిషాల్లో చేర్చాను. అంతే, గొప్పేముంది?"

"వానలో ఇరవై నిమిషాలా?" అన్నారు వకీలు గారు.

"అడిగారు కాబట్టి చెబుతున్నా, పన్నెండు. మీరు నమ్మరని ఇరవై అన్నాను. వాన సంగతంటారా, ఆ వేగానికి చినుకు అద్దం మీద పడేలోపు మేం దాని కిందనుంచి వెళ్ళిపోయేవాళ్ళం. వైపర్లు పొడిగా ఉండి కీచుమంటుంటే ఆపేశాను. పక్కన పట్టాల మీద రైలు. దాన్ని దాటుతుంటే డ్రైవరు టోపీ తీసి నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రైలు వెనక్కి పోయిందా సార్?" అన్నాడు మెకానిక్.

"వంతెన మునిగిపోయి ఉంది! ఆగితే పాప వాగు ఒడ్డునే పుడుతుంది. రాడ్డు మీద చెయ్యి వేశాను. టర్బో ఒక్క ఊపు ఊపింది. చక్రాలు నీళ్ళకి తగల్లేదు. మధ్యలో ఒక చేప ఎగిరి కుడి హెడ్‌లైటు మీద పడింది. బుల్లి వైపరు దాన్ని మెల్లిగా తుడిచి మళ్ళీ వాగులో వేసింది. నాలుగో పేజీ అంటే అదీ!"

"పెద్ద చేపా, చిన్న చేపా?" వదిన అడిగింది.

"మీకు ఆ టైములో స్పృహ లేదు వదినా. ఇంక ఆసుపత్రి. నర్సు ఫోను పట్టుకుని ఉంది. ఫోన్‌లో అన్నయ్య గొంతు: 'ఇదిగో, ఇప్పుడే బయలుదేరుతున్నాం' అని. అన్నయ్యేమో నా వెనకే నిలబడి ఉన్నాడు!"

వకీలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అనుమానం తీరలేదని గ్రహించి, ఎడం చెప్పు విప్పి చూపించాను. "సాక్ష్యం కావాలంటే ఇదిగో. ఆ రోజునుంచి దాచుకున్న జత. కుడి చెప్పు కొత్తగా ఉంది. దారంతా క్లచ్ తొక్కి తొక్కి ఎడమది ఎలా అరిగిపోయిందో చూడండి."

మెకానిక్ టీ గ్లాసు కింద పెట్టాడు. పాప లేచి, కారు తలుపు తీసి, వంగి లోపలికి చూసింది.

"బాబాయ్, ఇక్కడ రెండే ఉన్నాయి. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు."

"అలవాటు మీద తొక్కానమ్మా," అన్నాను. "లేనిదాన్నే అంత గట్టిగా తొక్కానంటే..."

"లేకపోవడమేం, ఉంది," అంది వదిన. "నడిపింది మీ నాన్న. మీ బాబాయి వెనక సీట్లో నా పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా తొక్కింది నా పాదాన్నే. నువ్వు పుట్టిన నొప్పి వారంలో పోయింది. ఆ బొటనవేలి గోరు రావడానికి నాలుగు నెలలు పట్టింది."

మెకానిక్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

పాప నా వైపు చూడలేదు. సీట్లో కూర్చుని బండి స్టార్టు చేసింది. రాడ్డు మీద చెయ్యి అలా ఆనించి, కుదుపన్నది లేకుండా షెడ్డులోంచి వీధిలోకి తీసింది. "నాన్నగారు నేర్పించారు," అంది, అద్దం దించి.

ఇల్లు వదినకి వచ్చింది. పనిముట్ల పెట్టె, పాత టైర్లు మెకానిక్‌కి. ఫ్రేము కట్టించిన నాలుగు పేజీల ఆర్డరు ఫారం వకీలు గారు ముచ్చటపడితే ఆయనకే ఇచ్చేశారు. బండి పాపకి. నాకేమీ రాలేదు.

వాన పట్టడంతో పాప నన్ను ఇంటి దగ్గర దింపింది. ముందు సీటే ఇచ్చింది. చాలా నెమ్మదిగా నడిపింది, నలభై కూడా దాటలేదు. అయినా దిగేసరికి నా ఎడం పిక్క పట్టేసి ఉంది.