బావ దవడకి తీగ వేశాక

నిన్ను ఒక్క దెబ్బతో నేలకూల్చిన మొనగాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే, బావా! మన కార్ల షెడ్డులో అందరూ ఇదే చెప్పుకుంటున్నారు. నేనే అలా చెప్పించాననుకో. నిజానికి ఆ దెబ్బ నాది కాదు, తెల్లకారు డోరుది. నేను దాని వెనక నక్కి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాను. నువ్వే ఆంబోతులా వచ్చి గుద్దుకున్నావు.

అబ్బా, తన్నకు! సెలైను గొట్టం ఊడొస్తుంది.

పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగతో బిగించేశారుగా, ఆరు వారాలు నోరు తెరవకూడదట. నువ్వు అక్కని చేసుకున్న ఈ తొమ్మిదేళ్ళలో నేను మాట్లాడటం, నువ్వు వినడం ఇదే మొదటిసారి. ఇలాంటి యోగం మళ్ళీ పడుతుందా నాకు?

మొన్నటి సంగతి ఏమైనా గుర్తుందా? తల ఊపకు, నొప్పి. వేలు ఎత్తు చాలు. లేదా? డాక్టరమ్మ ముందే చెప్పింది, తల నేలకి తగిలింది కాబట్టి గుర్తుండకపోవచ్చని. సరే, నేను చెబుతాను. త్వరగా చెప్పాలి. ఇప్పుడు మూడున్నర. నాలుగింటికి అక్క వెళ్ళిపోతోంది.

ఇంటికి కాదు బావా. కుట్టుపని చేసే తన స్నేహితురాలి మేడమీది గదికి. బట్టల పెట్టె కూడా తెచ్చేసుకుంది, కింద వాచ్‌మన్ దగ్గరుంది.

ఇప్పుడు కళ్ళు పెద్దవి చేస్తే ఏం లాభం? విను.

మొన్న పదకొండింటికి ఆ తెల్లకారాయన వచ్చాడు. పళ్ళ డాక్టరు. "మేస్త్రీ, డోరు మీద ఇంకా సొట్ట తెలుస్తోంది" అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు. నువ్వు కళ్ళు మూసుకుని డోరు మీద అరచెయ్యి నడిపించావు. "వెన్నలా ఉంది, మీ కళ్ళు చూపించుకోండి" అన్నావు. ఆయన పైనున్న ట్యూబ్‌లైటు వెలిగించాడు. సొట్ట పోయుంటే డోరులో దాని నీడ తిన్నగా పడాలా? పాములా మెలికలు తిరిగింది. షెడ్డు షెడ్డంతా చూసింది.

కంటికి ఆనని సొట్టని చేత్తో పట్టే మనిషివి నువ్వు! చీకట్లో తడిమి "ఇక్కడ ఆవగింజంత లోతుంది" అనేవాడివి. ఆ చేతికి పాము తెలియలేదు. అప్పుడు నీ మొహం చూశాను బావా. కోపం కాదు అది. భయం. కోపం దాని వెనకాల వచ్చింది.

వచ్చిందంటే మామూలుగా వచ్చిందా! రెండు కిలోల సుత్తి ఎత్తి ముందు అద్దం మీద దించావు. సాలెగూడైపోయింది. రెండో దెబ్బకి హెడ్‌లైటు. ఆ తర్వాత పళ్ళ డాక్టరు మెడ. వెనకనుంచి పట్టుకుని మొహాన్ని బానెట్‌కేసి బాదావు. ఒకటి, రెండు, మూడు... నేను లెక్కపెట్టడం తప్ప ఏం చెయ్యలేకపోయాను. తెల్లరంగు మీద రక్తం ఎంత ఎర్రగా ఉంటుందో తెలుసా? రంగులేసే పెద్దాయన నీ నడుం పట్టుకుంటే మోచేత్తో ఒక్క పోటు పొడిచావు. ఆయన డబ్బాల మీద పడ్డాడు, పక్కటెముక విరిగింది.

నేను "బావా!" అన్నాను. అంతే అన్నాను. సుత్తి నా వైపు గాల్లో వచ్చింది.

ఇదిగో ఈ చెవి. కట్టు చూశావా? అరంగుళం ఇవతలికి తగిలుంటే ఇప్పుడు నీ పక్క మంచం నాదే. ఏమో, కింద అంతస్తులో శవాలుంచే చలిగది కూడా కావచ్చు. నేను తెరిచున్న డోరు వెనక దూరాను, నువ్వు తల వంచి దూకావు, దవడ ఫట్‌మంది. అంబులెన్సుకి ఫోన్ చేసింది ఎవరనుకున్నావు? ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఆ పళ్ళ డాక్టరే. "దవడ రెండుచోట్ల పోయింది" అని అక్కడికక్కడే చెప్పేశాడు, మహానుభావుడు.

నవ్వకు, తీగలు లాగుతాయి.

నవ్వటం లేదా? సరే.

అంతకు ముందువారం సంగతి గుర్తుంటుంది నీకు. బండి తాళాలు నువ్వే ఎక్కడో పెట్టి మరిచిపోయి, అక్క దాచిందని స్టీలు గ్లాసు విసిరావు. కనుబొమ మీద మూడు కుట్లు. ఈ ఒక్క విషయంలో నాకు వేళాకోళం చేతకావడం లేదు బావా.

మూడునెలల క్రితం అక్క నిన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది కదా, చేతులు తిమ్మిరి పట్టాయని? సుత్తి పనికి ఆ మాత్రం ఉంటుందని నువ్వు కొట్టిపారేశావు. రక్తంలో బీ ట్వెల్వ్ విటమిను చాలినంత లేదంది ఆవిడ. రెండొందలైనా ఉండాల్సింది నూట పది ఉందట. కడుపులో మంటకని ఆరేళ్ళుగా ఎవరినీ అడక్కుండా నువ్వు మింగే గ్యాస్ బిళ్ళలు తిండిలోంచి దాన్ని సరిగా ఒంటబట్టనివ్వవట. నువ్వు బయటికెళ్ళి కూర్చున్నావు, నేను మొత్తం విన్నాను. బీ అంటే ఒక్కటి కాదట, ఎనిమిదిమంది అన్నదమ్ములట. ఒకడు తిండిని సత్తువ చేస్తాడు, ఒకడు మనసుని కుదురుగా ఉంచే సరుకు తయారవడానికి చెయ్యేస్తాడు, ఈ ట్వెల్వ్ గాడు నరాల మీద తొడుగు కాపాడతాడు. వైరు మీద ప్లాస్టిక్ అరిగిపోతే ఏమవుతుంది? షాక్ కొడుతుంది. నరాలకీ అంతే. చేతులు మొద్దుబారతాయి, మరుపొస్తుంది, ఊరికే చిరాకు, దిగులు.

"అయితే ఈ కోపమంతా అదేనా?" అని అక్క ఎంత ఆశగా అడిగిందో! డాక్టరమ్మ గట్టిది. "కొంత అదే కావచ్చు. కానీ విటమిను చెయ్యెత్తదమ్మా, మనిషి ఎత్తుతాడు. మాత్రలు వాడి చూద్దాం" అంది.

నువ్వేం చేశావు? మాత్రలు చెత్తబుట్టలో పారేశావు. అక్క ఏరింది. ఏరి, తెచ్చి నా చేతిలో పెట్టింది. "షెడ్డులో రోజూ పదింటికి టీ పెట్టేది నువ్వేగా తమ్ముడూ, పొడి చేసి కలిపెయ్. ఆయనకి చెప్పకు."

అవును. నీ టీలోనే. అక్క మీద కోపగించుకోకు, నిన్ను దక్కించుకోవాలనే చేసింది.

డెబ్బై రోజులు ఎదురుచూసింది బావా. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఇవాళ ఎవరినైనా తిట్టాడా?" అని అడిగేది. గ్లాసు పడ్డ రోజు కుట్లు వేయించుకుంటూ కూడా "ఇంకో నెల చూద్దాంరా" అంది. ఇవాళ పొద్దున నీ రక్తం లెక్క వచ్చింది. తొంభై. డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పింది. "డెబ్బై రోజులు మాత్రలు వేస్తే పెరగాలి కదా, తగ్గిందేమిటి? సూదులు మొదలుపెడదాం" అంది. అక్కకి సూదుల మాట వినపడలేదు. "మందుకి కూడా లొంగలేదంటే ఇది జబ్బు కాదురా, మనిషే ఇంత" అని నాతో అని, వెళ్ళి పెట్టె సర్దుకుంది.

మనిషే ఇంతేమో. నాకు తెలియదు. అక్క వెళ్తే తప్పనే దమ్ము నాకు లేదు, ఆ మూడు కుట్లూ నేను చూశాను. కానీ లేని సాక్ష్యం నమ్మి వెళ్ళకూడదు కదా బావా?

నువ్వు మందుకి లొంగకపోవడం కాదు. నీకు అందలేదు.

నేనే మింగేశాను.

మణికట్టు వదులు! వదులు బావా, విరుగుతుంది! మొద్దుబారిన చేతికే ఇంత పట్టుందా! నర్సుని పిలవనా? ... హమ్మయ్య.

మొదటిరోజు ఒక్కటే మింగాను, ఒట్టు. మెదడుకి మంచిదని డాక్టరమ్మ అంది, నేను కంపెనీ వర్క్‌షాపులో ఉద్యోగానికి పెట్టే పరీక్షకి చదువుతున్నాను. వంద ప్రశ్నలు. ఏది చదివినా జల్లెడలో నీళ్ళే. రెండోరోజు ఇంకోటి. ఆ తర్వాత చెప్పలేక, మానలేక, తేలు కుట్టిన దొంగలా డెబ్బై రోజులు. రోజూ నీకు ఉత్త టీ ఇచ్చి, నువ్వు తిడుతుంటే విని, లోపల్లోపల లెక్కపెట్టుకున్నాను. ఆ సుత్తి నా మీదికి రావడం న్యాయమే. పళ్ళ డాక్టరూ పెద్దాయనా ఏం పాపం చేశారు? అక్క కనుబొమ ఏం చేసింది?

అదిగో, వరండాలో అక్క చెప్పుల చప్పుడు. చెప్పేస్తాను. ఆగుతుందో, వెళ్తుందో తన ఇష్టం. కనీసం నిజం తెలిసి వెళ్తుంది. నన్ను చీపురుతో కొడుతుంది, కొట్టనీ.

కానీ అక్క సంగతి నీకు తెలుసుగా, కొట్టి ఊరుకోదు. "సరే, మింగావు. పరీక్ష ఏమైంది?" అంటుంది. ఇంకా ఫలితాలు రాలేదని ఇంట్లో చెప్పాను. వచ్చి పన్నెండు రోజులైంది.

ఒంట్లో సరిపడా ఉన్నవాడు ఇంకా మింగితే తెలివి పెరగదట బావా, తాగిన నీళ్ళతో పాటు బయటికి పోతుందట. ఆ ముక్క కూడా డాక్టరమ్మ ఆరోజే చెప్పింది. అప్పటికి నేను వినడం మానేశాను.

పోయినసారి, ఏ మాత్రా లేకుండా, నూటికి ఇరవై మూడు వచ్చాయి.

ఈసారి పంతొమ్మిది.