ఎర్రిస్వామి బండికి తప్పెట తోలు

ఎర్రిస్వామి అని ఒగడుండాడు మనూర్లో, పికప్పు బండి ఎర్రిస్వామి. కొత్తగా కాపురానికొచ్చిన కోడండ్లకు తెలీదు గాబట్టి చెప్తాండా, తెలిసినోల్లు చెనిక్కాయలు వలుస్తానే ఇనండి, చేతులు ఆపద్దండి, విత్తనమేసేది నాకుండాది. వానిది పాత బండి. ఎంత పాతదంటే, ఆ బండి ఊర్లోకొచ్చిన ఏడు పుట్టిన పిల్లోల్లకు ఇప్పుడు మీసాలొచ్చిండాయి. మన నాలుగూర్ల టమాటాలు తెల్లారేపాటికి మండీకి చేర్చేది అదొక్కటే. ఇంగో బండి లేదా అంటారేమో, రాదు. మన వంక దోవ పేరు చెప్తే టవును బండోల్లు దూరం నుంచే దండం పెడతారు. అట్లాంటి బండికి ఏమైందంటే, డాష్‌బోర్డు పగిలె. డ్రైవరు ముందర నల్లగ బల్ల మాదిరి ఉంటాది సూడు, మీటర్లు, పాటలపెట్టె, సామి బొమ్మ అన్నీ దాంట్లోనే, అది. మన ఎండ సంగతి చెప్పల్లా? బండలే పగులుతాయి, ప్లాస్టికెంత. మొదట్ల ఎంట్రుకంత గీత. మల్ల ఏలు పట్టేంత. మల్ల చేయి పట్టేంత. మీటర్లు పట్టు తప్పి, గుంత వచ్చినప్పుడల్లా వాని ఒడిలోకొచ్చి పడేటివంట. చంటిబిడ్డనెత్తుకున్నట్ల ఒగ చేత్తో మీటరు పట్టుకోని, ఇంగో చేత్తో స్టీరింగు తిప్పేటోడంట. మరి గేరు యా చేత్తో ఏసేటోడని నన్నడగద్దండి, వాన్నే అడగండి.

ఇట్ల జరుగుతాండంగా ఎఫ్‌సీ దినమొచ్చె. ఎఫ్‌సీ అంటే బండి బాగుండాది, రోడ్డు మీద తిరగొచ్చు అని ఆఫీసరు పెట్టే సంతకం. ఆ సంతకం లేకుంటే బండి ఉన్నా లేనట్లే అనుకో. ఆఫీసరు వచ్చి బ్రేకు చూసె, బాగుండాది. లైట్లు చూసె, బాగుండాయి. లోపల కూచోని మీటరు మీద అట్ల చెయ్యేసినాడంట, అది ఊడి ఆయప్ప చేతిలోకొచ్చె. ‘ఏమయ్యా ఇది, చేతిలో పెట్టుకోని పోయేదా నేను’ అన్నాడంట. అనేసి, ఎనిమిది దినాలు టైమిస్తాండా, ఇది కదలకుండా గట్టిగా బిగించుకోని రా, లేకుంటే ఈ బండికి నా సంతకం లేదు అని చెప్పేసినాడు. ఎర్రిస్వామి టవునంతా తిరిగె. స్పేరు పార్టుల అంగడికి పోతే, ఈ మాడలు నిలిపేసి శానా యాండ్లాయ, దొరకదు అనిరి. పాత బండ్లు తుంచే తావుకు పోయె. ఆడ వాని బండి మాదిరిదే ఒగటుండె. ప్రాణం లేచొచ్చి తలుపు తీసి చూస్తే ఏముండాది, అదే డాష్‌బోర్డు, అదే తావులో, అదే పగులు! ‘పోనీ నీ బండి గూడా ఈడనే ఇడిసిపెట్టి పో, తూకానికి తీసుకుంటా’ అన్నాడంట ఆడుండేవాడు. ఆ మాటకు వీడు తలుపేసి, ఎనక్కు తిరిగి చూడకుండా వచ్చేసె. పగిలిన పైపులు అతికేసే రెండు రంగుల ముద్ద కలిపి పూసె, ఒగ దినం నిలిచె. ఇనుప తీగతో కుట్టె, తీగ కోసుకోని పగులు ఇంగా పెద్దదాయ. టార్పాలు పట్ట పరిచి టేపు చుట్టె, ఎండకు టేపు కారిపాయ. వాని పెండ్లాం మారెక్క ఏమనిందంటే, ‘ఆ బండి తూకానికి పోతే నేనూ నువ్వూ మల్ల పక్కూరికి కూలికి పోవల్ల, అంతే గదా, ఏడుస్తా కూచుంటే బిగుస్తాదా’ అనిందంట. అనిందేగానీ ఆయమ్మకు గూడా ఆ పూట అన్నం దిగలేదంట.

నాలుగో దినం పొద్దున, బండి మెట్టు మీద తల పట్టుకోని కూచోనుండాడు ఎర్రిస్వామి. ఆ దోవన ఓబులేసు వచ్చె. ఓబులేసంటే తప్పెటలు చేసేటాయన, తప్పెట కొట్టేటాయన. ఒగప్పుడు ఈ చుట్టుపక్కల యా ఊర్లో దేవర, అదే అమ్మోరి మొక్కుల పండగ, జరిగినా ఓబులేసు తప్పెట మోగందే అమ్మోరు కదిలేది కాదనుకో. ఇప్పుడు ఆ పెద్ద పెద్ద డబ్బాల పాటలొచ్చె, గుండెలదిరేటివి, ఆయప్ప తప్పెట గోడకు తగులుకునె. ఓబులేసు ఏమప్పా అట్ల కూచున్నావు అన్నాడంట. వీడు చెప్పినాడు. ఆయప్ప బండి లోపలికి తల పెట్టి, పగుల్లో ఏళ్లు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు తడిమె. కోడిపెట్టను తడిమినట్ల మెల్లగ. తడిమి, ‘తోలేస్తేనో?’ అనె. తోలేందన్నా అని వీడు. ‘తోలప్పా. మేకపోతు తోలు. పచ్చితోలు ఏసి లాగి కట్టినామంటే, అది ఆరేకొద్దీ బిగుస్తాది. పగిలిన చట్రాన్నయినా ఒగటి చేస్తాది. నలబై ఏండ్లుగా నేను చేసే పనేంది మరి?’ ఎర్రిస్వామికి నవ్వొచ్చె, ఏడుపూ వచ్చె. డాష్‌బోర్డుకు తప్పెట తోలేంది, ఆఫీసరు చూస్తే ఏమంటాడు అనుకునె. అయినా ఇంగేం దోవుండాది వానికి? మునిగేవానికి గడ్డిపోసే దిక్కు. సరే అన్నా, నీ ఇష్టం అనె.

అప్పుడు ఓబులేసు ఇంటికి పోయి, అటక మీద నుంచి ఒగ తోలు దించినాడంట. పెద్ద మేకపోతు తోలు, సున్నంలో నానబెట్టి, ఎంట్రుకలు గీకి, ఎంత బాగా పెట్టుకోనుండాడంటే ఒగ తూటు గూడా లేదంట. దాన్ని నీళ్లలో నానేసి, డాష్‌బోర్డు ఊడదీసి నీడన పెట్టి, చింతగింజలు ఉడకబెట్టి రుబ్బి జిగురు చేసి పూసి, తోలు పరిచి, చెప్పులు కుట్టే ఆరెతో అంచెంట తూట్లు పొడిచి, తోలు దారాలేసి లాగె. ఇద్దరూ రెండు పక్కల కాళ్లు తన్నిపెట్టి లాగిరంట. మీటర్లకు తావు కోసి, దాని చుట్టూ గూడా దారమేసి బిగిచ్చె. మూడు దినాలు నీడన ఆరె. ఆరే కొద్దీ టిక్కు టిక్కుమని శబ్దమొస్తా, పగులు నోరు మూసుకోబట్టె. కానీ ఒగటి చెప్పల్ల, వాసన. తిరిగి బండికి బిగిచ్చిన దినం ఊర్లో కుక్కలన్నీ దాని ఎంటబడె. ఎర్రిస్వామి ముందర బండిలో, ఎనక పదైదు కుక్కలు, ఊరేగింపు మాదిరుండె. మారెక్క పసుపు, ఏపాకు నూరి రెండు తూర్లు పూస్తే గానీ కుక్కలు ఇడిసిపెట్టలేదు.

బిగిచ్చిన దినమే ఎర్రిస్వామి అడిగినాడంట, అన్నా, ఇంత మంచి తోలు ఎవరికని పెట్టుకోనుంటివి అని. ఓబులేసు తోలును అరచేత్తో ఒగసారి నిమిరె. మల్ల చెప్పె. ‘ఇది నా కడాకరి తప్పెటకని పెట్టుకున్నెప్పా. చేతుల్లో బలం పోతాంది, ఇంగొగటి చేసి సాలిద్దామని.’ ఎర్రిస్వామి బిగిచ్చేది ఆపేసె. అయ్యో అన్నా, మరి నాకేంటికి ఏస్తివి అనె. అప్పుడు ఓబులేసు, ‘నీకు గుర్తుందో లేదో, నీ బండి కొత్తగా వచ్చిన ఏడు, ఒగాయన ఇంట్లో దేవరకు మమ్మల్ని ఎక్కించుకోని పోతాంటివి. మేమంతా ఎనక. ముందర ఆ పెద్దమనిషి కూచోనుండె. నడి దోవలో వానొచ్చె. తప్పెట తడిస్తే సచ్చిపోతాదని అంగీ ఇప్పి దాని మీద కప్పుతాంటి. నువ్వు బండి నిలిపి, ఓబులేసన్నా, ముందర రా అంటివి. తప్పెటోల్లకు ముందర సీటేందిరా అని ఆ పెద్దమనిషి అంటే, తప్పెట తడిస్తే మీ దేవరకు ఏం మోగుతాది, కొంచెం జరుగు మామా అంటివి. అప్పటికి నాకు యాబై ఏండ్లుంటాయి, అంతవరకు యా బండీ నన్ను ముందర కూచోబెట్టుకోలేదప్పా, అదే మొదులు’ అన్నాడంట. ఎర్రిస్వామికి ఆ సంగతే గుర్తు లేదు. వానికి అది ఒగ పెద్ద పనిగా తోచలేదనుకో, వానొచ్చె, పిలిచె, అంతే. ఓబులేసు ఇంగా ఏమన్నాడంటే, ‘ఆ పొద్దు సంతోషంలో దోవ పొడుగునా ఈ డాష్‌బోర్డు మీద ఏళ్లతో దరువేసినా. మరుసటేడు పగులు కనపడె. నా ఏళ్లే పగలగొట్టినాయి అని తెలుసప్పా. ఇన్నేండ్లూ నీకు చెప్పడానికి నాకు మొగం చెల్లలేదు.’ ఇనండి ఎట్లుండాదో! ఎండకు పగిలిందన్నా, ఎండకు పగిలింది అని ఎర్రిస్వామి నవ్వుతా చెప్తాండాడు, కండ్లల్లో నీళ్లు కారిపోతాండాయి.

ఇంగ ఎనిమిదో దినం. నువ్వు రావల్లన్నా అని ఓబులేసును ఎంట తీసుకోని టవునుకు పోయె. ఆ పొద్దేమైందంటే, మన కరువు సీమలో, ఏడాది పొడుగునా రాని వాన, ఆ పొద్దే ముసురు పట్టె. బండి కిటికీ అద్దం ఒగటి పైకి రాదు. జల్లంతా లోపలికే. ఆఫీసరు తావుకు చేరి చూస్తే ఏముండాది, తోలు తేమ తాగి జారిపోయుండాది. మీటర్లు ఊగుతాండాయి, కునికేవాని తల మాదిరి. ముందర నాలుగు బండ్లుండాయి, మల్ల వీనిదే. ఎర్రిస్వామి స్టీరింగు మీద తల పెట్టేసె, అయిపాయ అన్నా, తూకానికే అనె. ఓబులేసు మాత్రం కిందికి దిగి, పక్కన టీ అమ్మే ఆయమ్మ తావుకు పోయి, తల్లీ, కొన్ని నిప్పులియ్యి, నా తప్పెట సల్లబడింది అన్నాడంట. ఆయమ్మ ఒగ పాత ఇనుప బొచ్చెలో బొగ్గులేసి ఇచ్చె. దండం పెట్టల్ల ఆయమ్మకు, ఏంటికి అని గూడా అడగలేదంట. ఓబులేసు ఆ బొచ్చె బండిలో పెట్టి, అమ్మోరి ముందర తప్పెట కాచినట్ల, తోలుకు దూరంగా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పబట్టె. అద్దాల్లోంచి పొగ లేచె. బండి కాలుతాంది, బండి కాలుతాంది అని ఎవరో అరిచిరి. ఆఫీసరు పరిగెత్తుకొచ్చె, ఎనక ఇద్దరు నీళ్ల బకెట్లతో. తలుపు తీసి చూస్తే, ఒగ ముసలాయన నిప్పులు కాచుకుంటా కూచోనుండాడు!

‘ఏం చేస్తున్నావయ్యా నువ్వు?’ ‘తప్పెట కాస్తాండా సార్.’ ‘తప్పెట ఏది?’ ‘ఇదే సార్, మీ ముందర ఉండేది.’ ఆఫీసరుకు అర్థం కాలేదు. అంతలో తోలు టిక్కుమనె. టిక్కు, టిక్కు. జారిన మీటర్లు మెల్లగ పైకి లేచి, ఎవరో లోపల నుంచి పట్టి లాగినట్ల వాటి తావులో కూచునె. ఆఫీసరు ఒగ చేత్తో లాగి చూసె, రాలేదు. రెండు చేతులతో లాగె, రాలేదు. అప్పుడు చేతిలో పెన్నుతో తోలు మీద ఒగసారి కొట్టినాడంట. ఖణ్ అనె. ఇంగోసారి కొట్టె. ఖణ్. నవ్వలేదు, ఏం లేదు. ‘ఇరవై ఏళ్ల నుంచి బండ్లు చూస్తున్నాను, శ్రుతి చేసిన బండిని ఇప్పుడే చూడటం’ అని, బానెట్టు మీదనే కాగితం పెట్టి సంతకం చేసేసె. ఎర్రిస్వామి ఆ కాగితం కండ్లకద్దుకోని, ఆఫీసరుకు గాదు, ముందు ఓబులేసు కాళ్లకు వంగినాడంట. ఓబులేసు బెదిరిపోయి రెండడుగులు ఎనక్కు పోయె, ఆయప్పకు ఎవరూ వంగింది లేదు గదా జన్మలో.

ఇంతవరకు నేను చెప్పిందంతా ఇన్నది. ఇంగ చెప్పేది చూసింది. తిరిగొచ్చేటప్పుడు క్రాసు కాడ ఒగ పెద్దమనిషి గొడుగు లేకుండా వాన్లో నిలబడుండాడు, చేతిలో ఎరువు మూట. బండి రాంగానే, ఎప్పుడూ కూచునే సీటు గదా, నేరుగా ముందర తలుపు తావుకు పోయె. ఓబులేసు ఆ పెద్దమనిషిని చూడంగానే ఒల్లు దగ్గరికి చేసుకోని, దిగడానికి తలుపు గడి మీద చెయ్యేసె. ఎర్రిస్వామి ఆయప్ప మోకాలి మీద చెయ్యి పెట్టి, నువ్వు కూచో అన్నా అనె. అనేసి, ‘మామా, ముందర నిండింది, ఎనక ఎక్కు.’ యాడ నిండిందిరా, ముగ్గురం పడతాం గదా అనె పెద్దమనిషి. ‘ముగ్గురుండాం మామా. నేను, ఓబులేసన్న, నిప్పుల బొచ్చె.’ ఆ బొచ్చె ఎనక పెట్టురా! ‘వాన్లో ఆరిపోతాది మామా. నువ్వైతే ఆరిపోవు.’ ఆ పెద్దమనిషి ఎవరనుకుంటాండారు? నేనే. ముసిముసిగా నవ్వద్దండి. ఆ పొద్దు దేవరకు పోతా, తప్పెటోల్లకు ముందర సీటేందిరా అనిందీ ఈ నోరే. పదెకరాల ఆసామిని, కమ్మీ పట్టుకోని ఎనక నిలబడితి, తొమ్మిది మైళ్లు. కోపం, చెప్పలేనంత కోపం. రేపట్నుంచి వానికి నా టమాటాలు ఏసేదే లేదనుకుంటి. అంతలో ఎనకద్దంలోంచి చూస్తే, ఓబులేసు ఏళ్లు డాష్‌బోర్డు మీద ఆడుతాండాయి. ఆ దరువు నాకు తెలుసు. మా ఇంటి దేవర దరువే. నా కూతురు జ్వరం నుంచి బయటపడిన ఏడు మొక్కు తీర్చుకుంటిమి సూడు, ఆ పొద్దు తెల్లార్లూ కొట్టింది ఇదే ఓబులేసు. తడిసిన తప్పెటయితే ఏం మోగుండును? ఎర్రిస్వామి ఆ పొద్దు నా మాటిని ఉంటే నా మొక్కే మూగపోయుండు గదా. ఆ ఆలోచన ఇన్నేండ్లూ నాకు రాలేదు, వాన్లో ఎనక నిలబడితే వచ్చె. వానకు తడిసిందో, దేనికి తడిసిందో, మొగమంతా తడిసిపాయ.

ఊర్లో దిగి, ఓబులేసు తావుకు పోయి, నీ తప్పెట బాగా మోగిందన్నా అంటి. అన్నా అని పిలిచేది అదే మొదులు. ఆయప్ప నా ఎరువు మూట తడిసిందేమో అని చూసె. ఇప్పుడు మనూర్లో కల్లంలో కాయలు ఎండేసినోల్లంతా పొద్దున్నే పోయి ఎర్రిస్వామి బండిని తట్టి చూస్తారు. ఖణ్ అంటే ఎండ. ధబ్ అంటే బిరీన కాయలు ఎత్తాల్ల, వానొస్తాంది. టీవీలో చెప్పేది తప్పొచ్చు, ఓబులేసు తోలు తప్పింది లేదు. నేనా? ఓబులేసన్న ముందర ఉంటే నేను ఎనకే ఎక్కుతా. మోకాళ్లు నొస్తాయి, నొస్తే నొస్తాయి, దరువు బాగా ఇనపడేది ఆడనే. అది సరేగానీ, ఎవరమ్మా అది, నోరు తెరుచుకోని ఇనింది? నీ శాటలో కాయలు అట్లే ఉండాయి సూడు.