అద్దాల పెట్టెలో అచ్చుచెక్కలు

అధ్యక్షులు వెర్నన్ లాసీ గారికి, ముందు వరుస పెద్దలకు, చిక్కుడుగింజల రొట్టెల వాసనకు అప్పుడే మొహాలు అటు తిప్పేసిన వెనక వరుస మిత్రులకు నమస్కారం.

మా పిన్ని ఎథలిన్ ట్రాంపర్ ఈ రోజుతో మన చెరోకీ తెగ కళాకేంద్రంలో కుండల తరగతి నుంచి విరమిస్తోంది. తాను మాట్లాడనంది. "చదువుకున్నదానివి, నాలుగు మంచి మాటలు చెప్పేసి కూర్చో" అని నన్ను తోసింది. మంచి మాటలకు ఇక్కడ కరవేముంది? ఇందాకటి నుంచీ వింటూనే ఉన్నాం. మట్టికి ప్రాణం పోసిందట, జాతి సంస్కృతికి నిలువుటద్దమట. ఆ కుండల్లో ఆమె రోజూ చిక్కుళ్ళు ఉడికించుకు తింటుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, గౌరవానికి లోటనుకున్నారేమో. (నవ్వులు)

సన్మానమూ ఘనంగానే జరిగింది. పిన్నికి వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చిన అచ్చుచెక్కలను, పచ్చికుండను చరిచే ఆ చెక్కలనే, తరగతి గదిలోంచి తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టి, లోపల దీపాలు వెలిగించి, తాళం వేశారు. మొన్న పిన్నికి చూపించారు. ఆమె చాలాసేపు చూసి, "నన్నూ అందులోనే పెట్టకపోయారా, పక్కన చోటుందిగా?" అంది. వెర్నన్ గారు అది మెప్పనుకుని చప్పట్లు కొట్టారు. తల అడ్డంగా ఊపకండి వెర్నన్ గారూ, అప్పుడు నేను మీ పక్కనే ఉన్నాను.

కార్యవర్గం దృష్టిలో ఆ చెక్కల మీద చెక్కిన గీతలు అందానికి. టోపీల మీద కూడా వేయించారు, నాకూ ఒకటి ఇచ్చారు. కానీ మట్టి తాళ్ళు ఒకదాని మీద ఒకటి చుట్టి లేపిన కుండను ఆ గీతల చెక్కతో చరిస్తేనే అతుకులు కలిసేది. చరచకపోతే మంటలో కుండ నోరు తెరుస్తుంది. టోపీకి ఆ బాధ లేదు, అదృష్టవంతురాలు.

సోమవారం నుంచి ఆ తరగతి నాది. నేర్చుకునే ఆడవాళ్ళు "చెక్కలేవీ?" అంటే అద్దంలోంచి చూసి తృప్తి పడమనాలా? "కొత్తవి చెక్కించుకోవచ్చుగా" అన్నారు కోశాధికారి గారు. దేన్నీ గట్టిగా నమ్మలేని మనిషిని, ఆయన అన్నదే సబబేమో అనుకుంటూ తిరిగాను. పాతవి నా చేతిలో విరిగితే? నిన్న పిన్నినే అడిగేశాను.

"విరిగితే విరుగుతాయి. మా అమ్మా విరగ్గొట్టింది, నేనూ విరగ్గొట్టాను. ముక్క చేతిలో పెట్టుకునేగా కొత్తది చెక్కింది? గాడిలో వేలు పెట్టకుండా లోతెంతో ఎలా తెలుస్తుందే, నీ చదువు చెబుతుందా?" అంది. గొంతు తగ్గించి, "అడిగితే ఇస్తారంటావా?" అంది.



అమ్మమ్మ వస్తువు తనకు ఇస్తారా అని అడిగింది, ఇంతమందికి కుండ నేర్పిన మనిషి. మీ సన్మాన పత్రంలో ఆ మాట లేదు. పిన్నీ, నాకేసి అలా గుడ్లురమకు, మంచి మాటలే చెబుతున్నాను.

వచ్చినవారికి, వంటలు చేసినవారికి, ఓపికగా విన్నవారికి కృతజ్ఞతలు. వెర్నన్ గారూ, పెట్టె తాళంచెవి మీ చొక్కా జేబులో ఉంది. ఆ చెక్కలు పిన్ని ఒళ్ళోకి రాగానే నేను సెలవు తీసుకుంటాను. అందాకా దయచేసి ఎవరూ నన్ను కూర్చోమనకండి.