వెంకటశేషమ్మ తాగిన టీ

"మా పక్కింటి మస్తానమ్మ చెప్పిందమ్మా. ఇంటామె వెంకటశేషమ్మ నిన్న మీ దగ్గరికొస్తే, టీ అని చెప్పి వట్టి వేణ్ణీళ్ళు పోసినారంట. ఇట్టాంటోళ్ళకి ఇల్లు బాడుగకియ్యనని బిట్రగుంటంతా చెప్తా ఉండాదంట."

రంగూన్ నుంచి ఈమధ్యే తిరిగొచ్చిన ఆ ఇల్లాలు, బంధువుల వసారాలో కుంపటి ముందు కూర్చుని, పింగాణీ కప్పుల్లో వేణ్ణీళ్ళు తిప్పి పారబోసింది. ఆ కబురు తెచ్చిన, ఆమెకు ఇల్లు చూసిపెడుతున్న పెద్దమనిషి పీట ముందుకు జరుపుకున్నాడు.

"ముందు ఇది తాగన్నా. చీనావాళ్ళ ఊలాంగ్ టీ."

"పాలు లేవే! అబ్బా, సంపెంగ వాసనొస్తా ఉండాదే."

"ఇది పచ్చాకు రకం. ఆ ఆకు మీదే మళ్ళీ నీళ్ళు పోస్తా, చూడు."

"ఈసారి తియ్యగుండాదే! చక్కెర ఎప్పుడేసినావు?"

"వెయ్యలేదన్నా. ఇదిగో, ఇది నిప్పుల సెగ మీద వేయించిన నల్లాకు."

"వేయించిన శనగల వాసన! గొంతులో తేనె దిగినట్టుండాది. ఇంత మంచి టీని పట్టుకొని వేణ్ణీళ్ళంటుందా ఆ మహాతల్లి? పద, ఇప్పుడే పోయి అడుగుదాం."

"వద్దులే అన్నా."

"ఎందుకొద్దు? చేతికొచ్చిన ఇల్లు పోతుందమ్మా! ఆమె తాగింది ఇందులో ఏ రకమో చెప్పు, మిగతాది నేను మాట్లాడతా."

"ఏ రకమూ కాదు. నేను ఆకు డబ్బా మూత తీసేలోపలే, కప్పు కడిగేదానికి పోసిన వేణ్ణీళ్ళెత్తి గటగటా తాగేసి, మూతి తిప్పుకుని లేచిపోయింది. ఆ మాట ఆమెకి నువ్వే పోయి చెప్పు."