నడుము పట్టని సూటు

క్రిస్మస్‌కి సొంతూరికి ప్రయాణం. కింద టాక్సీ హారన్ కొడుతోంది. ఆ పరాయి దేశపు అద్దె ఇంట్లో పెద్దాయన అద్దం ముందు నల్ల ప్యాంటుతో కుస్తీ పడుతుంటే, ఆయన భార్య నిండిన సూట్‌కేసు మీద కూర్చుని చూస్తోంది.

“ఈ సూటే ఎందుకు తీశావే?”

“చర్చికి మీరు ఇదే వేసుకోవాలి.”

“పోయిన క్రిస్మస్‌కి ఆసుపత్రిలో నీకేం చెప్పాను? నేను పోతే ఇక్కడి మట్టిలో వద్దు, ఈ సూటు తొడిగి మనూరికి పంపించమన్నాను.”

“చెప్పారు. చిక్కిపోయాను, వదులుగా ఉంటే అసహ్యంగా ఉంటుంది, నడుము బిగించమని కూడా చెప్పారు.”

“బిగించావా?”

“మీ మంచం పక్కనే కూర్చుని కుట్టాను. మీకు స్పృహ లేదు. కుట్టు కుట్టుకీ దేవుడితో పోట్లాడాను.”

“ఏమని?”

“ఈ ప్యాంటు ఈయనకి పట్టకూడదని.”

“అదీ సంగతి! అందుకే గుండీ రావట్లేదు.”

“ఊపిరి బిగబట్టండి.”

“బిగబట్టాను. రానంటోంది. ఏమిటే, నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?”

“మీకెందుకు? బెల్టు పెట్టుకోండి.”

“కత్తెర తెచ్చి ఆ కుట్లు విప్పరాదూ?”

“విప్పను.”

“పెట్టెలో వెళ్లాల్సినవాణ్ణి, కిటికీ పక్క సీట్లో దర్జాగా వెళ్తున్నాను. గుండీ అయినా పెట్టుకోనివ్వవా?”

“పెట్టుకోవద్దు. చర్చిలో కోటు కూడా బార్లా తీసే నిలబడండి. పోయినేడు ఫోన్‌లో నన్ను ముందే ఓదార్చేసిన మీ చుట్టాలంతా చూడాలి, నేను పెంచిన ఈ బొజ్జని!”